కొలనోస్కోపీ తర్వాత కడుపునొప్పి: ఏది గాలి, ఏది గాయం?

కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా ఉన్న గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకుని ఇంటికి వచ్చినవారిలో చాలామందికి ఆ సాయంత్రం కడుపు ఉబ్బరంగానో పట్టేసినట్లుగానో ఉంటుంది. అధ్యయనాలను బట్టి ముగ్గురిలో ఒకరి వరకు ఏదో ఒక చిన్న ఇబ్బంది చెబుతారు. దాదాపు అందరికీ మర్నాటికల్లా సర్దుకుంటుంది. పేగుకు రంధ్రం పడటం వంటి పెద్ద ప్రమాదం వెయ్యి పరీక్షల్లో ఒకదానిలో కూడా జరగదు. అయితే ఆ ఒక్కరికి వచ్చే నొప్పీ, మిగతావారికి వచ్చే నొప్పీ మొదటి గంటల్లో ఒకేలా ఉండవచ్చు. చిక్కంతా అక్కడే.

మన ఇళ్ళలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఛాతీలో మంట మొదలు నడుము పట్టేయడం దాకా అన్నిటినీ 'గ్యాస్' ఖాతాలో వేయడం మనకు అలవాటు. ఈ పరీక్ష తర్వాత వచ్చే నొప్పి నిజంగానే గ్యాస్ అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ మాట మరింత ధైర్యంగా అనేస్తారు. పదిసార్లు నిజమైన మాట పదకొండోసారి మనిషిని ఆసుపత్రికి వెళ్ళనివ్వకుండా ఆపుతుంది. అందుకే నొప్పి ఎంత ఉందన్న ప్రశ్న కంటే, నొప్పి ఎటు పోతోందన్న ప్రశ్న మీకు ఎక్కువ పనికొస్తుంది. గాలి వల్ల వచ్చే నొప్పి ఎంత తీవ్రంగా మొదలైనా తగ్గుముఖం పడుతుంది. గాయం వల్ల వచ్చేది ఎంత చిన్నగా మొదలైనా గంటగంటకూ పెరుగుతుంది.

ఇది చదువుతున్న సమయంలోనే పొట్ట గట్టిపడి ఉన్నా, జ్వరం ఉన్నా, నొప్పి ఆగకుండా పెరుగుతున్నా, మలద్వారం నుంచి రక్తం ధారగా పోతున్నా నేరుగా ఐదో అడుగుకు వెళ్ళండి. మిగతాది తర్వాత చదవవచ్చు.

పేగుకు ఏది తెలుస్తుంది, ఏది తెలియదు

పెద్దపేగు సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవు ఉంటుంది. పొట్టలో కుడివైపు అడుగున మొదలై పైకి వెళ్ళి, కాలేయం కింద మలుపు తిరిగి, అడ్డంగా ఎడమవైపుకు వచ్చి, ప్లీహం దగ్గర మళ్ళీ మలుపు తిరిగి కిందికి దిగుతుంది. పరీక్షలో వేలి మందం ఉన్న గొట్టం ఈ దారిలో ఎదురు వెళ్తుంది. మామూలుగా ముడుచుకుని ఉండే పేగు లోపలి గోడ కనిపించాలంటే దాన్ని ఉబ్బించాలి. అందుకు గాలిగానీ కార్బన్ డయాక్సైడ్‌గానీ నింపుతారు. కిందిభాగంలో మెలికలు తిరిగి ఉండే సిగ్మాయిడ్ అనే ముక్క పొట్ట గోడకు అతుక్కుని ఉండదు, అటూ ఇటూ కదులుతుంది. గొట్టాన్ని ముందుకు తోసినప్పుడు అక్కడ చుట్ట పడి పేగు సాగుతుంది. ఆ చుట్ట పడకుండా పక్కనున్న నర్సు పొట్టను చేత్తో బలంగా అదిమి పట్టుకోవాల్సి వస్తుంది. మత్తులో ఉన్న మనిషికి ఇదేమీ గుర్తుండదు. మర్నాడు పొట్ట కండరాలు నొప్పి పెడితే ఎందుకో అర్థం కాక కంగారు పడతారు.

పేగు లోపలి పొరను కత్తిరించినా నొప్పి తెలియదు. సాగదీస్తే మాత్రం బాగా తెలుస్తుంది. మత్తు లేకుండా బయాప్సీకి, అంటే ల్యాబ్‌లో చూడటానికి, చిన్న ముక్క తీసినా రోగి ఉలిక్కిపడడు, గాలి ఎక్కువైతే మాత్రం అల్లాడిపోతాడు. కాబట్టి "ముక్క తీశారు కదా, ఆ పుండు నొప్పి" అని ఇంట్లోవాళ్ళు సర్దిచెప్పడం చాలావరకు పొరపాటే. చిన్న బయాప్సీ నొప్పి పుట్టించదు. ముక్క తీసిన తర్వాత నొప్పి గట్టిగా ఉంటే దానికి వేరే కారణం వెతకాలి.

సాగడం వల్ల వచ్చే నొప్పి ఒకచోట నిలవదు. ఎక్కడని అడిగితే మనిషి అరచేతిని పొట్ట మీద గుండ్రంగా తిప్పి చూపిస్తాడు. పొట్ట గోడకు లోపలివైపు పరుచుకుని ఉండే పలుచని ఉదరపొర సంగతి వేరు. అది ఏ చోట రేగితే ఆ చోటే నొప్పి కచ్చితంగా తెలుస్తుంది. కాలిన గాయం తాలూకు వాపుగానీ, పేగులోంచి బయటపడిన గాలి, మలంగానీ ఆ పొరను తాకితే నొప్పి ఒకచోట పాతుకుంటుంది. 'ఇదిగో ఇక్కడ' అని వేలితో చూపించవచ్చు. కదిలితే పెరుగుతుంది.

మొదటి అడుగు: ఇంటికి బయలుదేరే ముందే రిపోర్టు చూడండి

పరీక్ష అయ్యాక డాక్టరు వచ్చి అంతా చెప్పే ఉంటారు. రోగి తల ఊపే ఉంటారు. కానీ మిడజోలాం వంటి మత్తుమందు ఇచ్చి ఉంటే ఆ సంభాషణలో ఒక్క ముక్క కూడా తర్వాత గుర్తుండకపోవచ్చు. కాబట్టి వినాల్సిందీ, రాసుకోవాల్సిందీ తోడు వచ్చినవారు.

రిపోర్టులో చూడాల్సిన మొదటి విషయం, కేవలం చూసి వదిలేశారా, ఏదైనా తీశారా అన్నది. పాలిపెక్టమీ, ఈఎంఆర్, ఈఎస్‌డీ అన్న మాటలు కనిపిస్తే పాలిప్, అంటే పేగు లోపలి గోడ మీద పెరిగిన కండ, తీశారని అర్థం. చివరి రెండూ పెద్ద పాలిప్‌లకు చేసే లోతైన పద్ధతులు. రెండో విషయం, ఎలా తీశారన్నది. 'కోల్డ్ స్నేర్' అని ఉంటే సన్నని తీగ ఉచ్చుతో కరెంటు లేకుండా కోశారని; ఒక సెంటీమీటరు లోపు పాలిప్‌లకు ఇప్పుడు ఎక్కువగా ఇదే చేస్తున్నారు. 'హాట్ స్నేర్', 'కాటరీ', 'ఏపీసీ' అని ఉంటే వేడి వాడారని. వేడి పేగు గోడలో లోతుకు దిగగలదు కాబట్టి నాలుగైదు రోజుల పాటు ఎక్కువ జాగ్రత్త కావాలి. ఇరుకైన భాగాన్ని బెలూన్‌తో వెడల్పు చేసినా, దాన్ని తెరిచి ఉంచే స్టెంట్ గొట్టం వేసినా రంధ్రం పడే అవకాశం మామూలు పరీక్షలో కంటే ఎక్కువే.

ఇవి కాక ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. గాలి నింపారా, కార్బన్ డయాక్సైడా? గాయాన్ని మూసే చిన్న లోహపు క్లిప్‌లు పెట్టారా? రాత్రివేళ ఇబ్బంది వస్తే ఏ నంబరుకు ఫోను చేయాలి? క్లిప్ పెట్టి ఉంటే తర్వాత ఎప్పుడైనా ఎంఆర్ఐ తీయించేటప్పుడు ముందుగా చెప్పాలి. ఫోను నంబరు అడగడానికి మొహమాటం వద్దు. రిసెప్షన్ నంబరు ఇచ్చి సరిపెడితే, రాత్రి తొమ్మిది తర్వాత అది ఎవరు ఎత్తుతారో కూడా కనుక్కోండి.

జిల్లాల నుంచి హైదరాబాదుకో విశాఖకో విజయవాడకో వచ్చి పరీక్ష చేయించుకుని అదే సాయంత్రం బస్సెక్కేవారు చాలామంది. కేవలం చూసి వదిలేసిన పరీక్ష అయితే, మత్తు పూర్తిగా దిగి, తోడు ఉంటే పరవాలేదు. పెద్ద పాలిప్ తీసి ఉంటే మాత్రం ఆ రాత్రి ఆసుపత్రికి దగ్గరలోనే ఉండటం మంచిది. అర్ధరాత్రి హైవే మీద నొప్పి పెరిగితే ఎక్కడ దిగాలో, ఎవరికి చూపించాలో తేలదు. విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళబోతున్న పెద్దవారైనా సరే, పెద్ద పాలిప్ తీసిన తర్వాత రెండు వారాల లోపు దూర ప్రయాణం పెట్టుకునే ముందు డాక్టరును అడగాలి.

రెండో అడుగు: గడియారం చూడండి

మొదటి రెండు మూడు గంటల్లో ఉబ్బరం, మెలిపెట్టినట్లు నొప్పి వచ్చి పోతుండటం సహజం. మామూలు గాలి వాడి ఉంటే ఇది సాయంత్రం దాకా, కొందరికి మర్నాటి దాకా ఉంటుంది. గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా ఉండేది నైట్రోజన్. పేగు దాన్ని దాదాపు పీల్చుకోదు, అది కింది నుంచి బయటికి పోవాల్సిందే. కార్బన్ డయాక్సైడ్ అయితే పేగు గోడ ద్వారా దానికంటే వంద రెట్లకు పైగా వేగంగా రక్తంలో కలిసి, ఊపిరితో బయటికి వెళ్ళిపోతుంది. కాబట్టి కార్బన్ డయాక్సైడ్ వాడినవారికి ఆరేడు గంటల తర్వాత కూడా పొట్ట బిగుసుకునే ఉంటే 'గాలి ఇంకా పోలేదు' అన్న సమాధానం అంత గట్టిగా నిలబడదు.

గొట్టం వల్ల పడిన రంధ్రం సాధారణంగా మొదటి 24 గంటల్లోనే బయటపడుతుంది. వేడితో తీసిన పాలిప్ తాలూకు గాయం ఆలస్యంగా తెలుస్తుంది. ఆ వేడి పేగు గోడ దాటి బయటి పొర దాకా వెళ్తే, కొన్ని గంటల నుంచి ఐదు రోజుల లోపు ఎప్పుడైనా ఒకచోట నొప్పి, జ్వరం, గుండె వేగంగా కొట్టుకోవడం మొదలవుతాయి. రంధ్రం ఉండదు, లక్షణాలు మాత్రం రంధ్రం పడినట్లే ఉంటాయి. డాక్టర్లు దీన్ని పోస్ట్ పాలిపెక్టమీ సిండ్రోమ్ అంటారు. అరుదే అయినా "పరీక్ష రోజు బాగానే ఉన్నాను, మూడో రోజు నొప్పి ఏమిటి, ఏదో పడని తిండి తిని ఉంటాను" అని తప్పుదారి పట్టించేది ఇదే. కాలిన భాగం కొన్ని రోజులకు చచ్చుబడి ఊడిపోయి ఆలస్యంగా రంధ్రం పడటం అంతకంటే అరుదు.

రక్తస్రావానికి గడువు ఇంకా ఎక్కువ. పాలిప్ తీసిన చోట కట్టిన పక్కు రాలినప్పుడు రక్తం రావచ్చు. అది రెండు వారాల దాకా ఎప్పుడైనా జరగవచ్చు, దీనికి నొప్పి ఉండాలన్న నియమం లేదు.

ఇంకొకటి. రెండు మూడు రోజులు విరేచనం కాకపోతే కంగారు పడి విరేచనాల మందు వేసుకునేవారున్నారు. పరీక్షకు ముందు మందు తాగి పేగును పూర్తిగా కడిగేశాక మళ్ళీ నిండటానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

మూడో అడుగు: నొప్పిని ప్రశ్నించండి

ఒక కాగితం తీసుకుని గంటకోసారి సున్నా నుంచి పది వరకు నొప్పికి ఒక అంకె వేయండి. పక్కనే నాడి, జ్వరం రాయండి. పారాసిటమాల్ జ్వరాన్ని కప్పేస్తుంది, కాబట్టి మాత్ర వేసుకునే ముందే థర్మామీటరు పెట్టండి. మూడు నాలుగు అంకెలు పడేసరికి దారి తెలుస్తుంది. 7, 5, 5, 3 అన్న వరుసకూ, 3, 4, 4, 6 అన్న వరుసకూ ఉన్న తేడా ఏ మాటల వర్ణనలోనూ అంత స్పష్టంగా రాదు. ఫోనులో డాక్టరుకు కూడా అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

తర్వాత అడగాల్సింది, గాలి పోతే తగ్గుతోందా అని. అపానవాయువు పోయిన వెంటనే కాస్తయినా తేలికపడితే మంచి గుర్తు. గాలి పోయినా తేడా లేకపోయినా, అసలు గాలే కదలక పొట్ట ఉబ్బుతూనే ఉన్నా ఆలోచించాలి.

నొప్పిని అరచేత్తో చూపిస్తున్నారా, వేలితోనా? అరచేత్తో చూపించేది, చోటు మారేది చాలావరకు గాలి. ఒకేచోట నిలబడి వేలితో చూపించగలిగేది, ముఖ్యంగా పాలిప్ తీసిన వైపే ఉన్నది, డాక్టరుకు చెప్పాల్సిందే.

కదిలితే ఏమవుతోంది? గాలి నొప్పి ఉన్నవారు మెలికలు తిరుగుతారు, లేస్తారు, నడుస్తారు, నడిస్తే హాయిగా ఉందంటారు. ఉదరపొర రేగినవారు కదలకుండా పడుకుంటారు. దగ్గమనండి. నిలబడి మునివేళ్ళ మీద లేచి ఒక్కసారిగా మడమల మీద దిగమనండి. పొట్టలో ఒకచోట కలుక్కుమంటే అది చెడ్డ గుర్తు. ఇంటికి వచ్చే దారిలో ఆటోనో కారో స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ "అబ్బా" అని పొట్ట పట్టుకున్నారా? ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మన రోడ్ల పుణ్యమా అని ఈ పరీక్షకు ఎలాంటి పరికరమూ అక్కర్లేదు.

కొన్ని చోట్ల నొప్పికి ప్రత్యేకమైన అర్థాలున్నాయి. ఎడమ పక్కటెముకల కింద నొప్పి ఉండి, ఎడమ భుజం కూడా లాగుతుంటే ప్లీహానికి దెబ్బ తగిలి ఉండవచ్చు. చాలా అరుదు, కానీ లోపల రక్తం కారుతుంది కాబట్టి ఆలస్యం పనికిరాదు. భుజానికీ పొట్టకూ ఏమి సంబంధం అంటే, ఛాతీనీ పొట్టనూ వేరుచేసే ఉదరవితానానికీ భుజం చర్మానికీ వెళ్ళే నరాలు మెడలో ఒకేచోట నుంచి బయలుదేరతాయి. ఉదరవితానం కింద రక్తమో గాలో చేరితే మెదడుకు భుజం నొప్పిగా తెలుస్తుంది. పొత్తికడుపులో ఎడమవైపు నొప్పితో పాటు రక్తం కలిసిన విరేచనాలు అవుతుంటే పేగుకు రక్తప్రసరణ తగ్గి ఉండవచ్చు. పరీక్ష కోసం ముందురోజు తాగిన మందుతో విరేచనాలై ఒళ్ళు నీరసించిన పెద్దవారిలో ఇది గుర్తుంచుకోవాలి. పై పొట్టలో బరువుగా ఉండి, చెమటలు పట్టి, ఆయాసం వస్తుంటే కొలనోస్కోపీని పక్కన పెట్టి ముందు గుండె సంగతి చూడాలి. పరీక్ష కోసం గుండె మాత్రలు ఆపినవారిలో మరీ ముఖ్యం. మధుమేహం ఉన్నవారికి చెమట, వణుకు వస్తే గ్లూకోమీటరుతో చూడండి. ఒకరోజు తిండి లేకపోవడం వల్ల చక్కెర పడిపోయి ఉండవచ్చు.

ఈ ప్రశ్నలన్నీ మోసం చేసే సందర్భం ఒకటి ఉంది. డెబ్భై దాటినవారు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవారు, ఎన్నో ఏళ్ళుగా మధుమేహం ఉన్నవారు ప్రమాదంలో ఉన్నా నొప్పి పెద్దగా చెప్పకపోవచ్చు. వారి విషయంలో నాడి వేగం, నీరసం, తికమకగా మాట్లాడటం, మూత్రం తగ్గడం వంటివి నొప్పి కంటే ముందు పలకవచ్చు.

దీనికి వ్యతిరేకంగా, ప్రమాదం లేకపోయినా ఎక్కువ నొప్పి పడేవారున్నారు. సన్నగా ఉన్న స్త్రీలు, గర్భసంచి తీసేసినవారు, కడుపు ఆపరేషన్లు అయినవారు, ఐబీఎస్ (పేగులో జబ్బేమీ కనిపించకుండానే తరచూ నొప్పి, విరేచనాల తేడా వచ్చే సమస్య) ఉన్నవారు. ఆపరేషన్ల వల్ల పేగులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే గొట్టం మలుపు తిరగడం కష్టమవుతుంది, సాగుడు ఎక్కువవుతుంది. వీరిని "కాస్త ఓర్చుకోలేవా" అని విసుక్కోవడం అన్యాయం.

నాలుగో అడుగు: గాలి నొప్పే అని తేలితే

మొదటి మందు నడక. మత్తు దిగాక, ఒకరు పక్కన ఉండగా, ఇంట్లోనే పది నిమిషాలు అటూ ఇటూ తిరగాలి. తర్వాత ఎడమ పక్కకు తిరిగి మోకాళ్ళు ముడుచుకుని కాసేపు, కుడి పక్కకు తిరిగి కాసేపు పడుకోవాలి. ఏ వైపు పడుకుంటే గాలి కదులుతున్నట్లు అనిపిస్తే ఆ వైపే కొనసాగించండి. వెల్లకిలా పడుకుని పవనముక్తాసనంలో లాగా మోకాళ్ళను మెల్లగా పొట్ట వైపు తెచ్చుకోవడం కూడా పనిచేస్తుంది. బలవంతంగా అదమకూడదు. అన్నిటికంటే ముఖ్యం, గాలి వచ్చినప్పుడు వదిలేయడం. వార్డులో పక్క మంచం మీద ఎవరో ఉన్నారని, ఇంట్లో అల్లుడుగారు ఉన్నారని గంటల తరబడి బిగపట్టుకుని నొప్పి పెంచుకునేవారిని చూస్తే జాలేస్తుంది. ఆ గదిలో అందరికీ తెలుసు, డాక్టరు కోరుకునేది కూడా అదే.

వేడినీళ్ళ సంచి హాయినిస్తుంది. అయితే మత్తు పూర్తిగా దిగని మనిషి పొట్ట మీద పెట్టి నిద్రపోనివ్వకండి, కాలినా తెలియదు. గోరువెచ్చని నీళ్ళు, పల్చని మజ్జిగ, కొబ్బరినీళ్ళు కొద్దికొద్దిగా తాగాలి. సోడా, కూల్‌డ్రింకులు మళ్ళీ గాలినే లోపలికి పంపుతాయి.

మందుల విషయంలో మనకు ఒక గట్టి భ్రమ ఉంది. పరగడుపున వేసుకునే 'గ్యాస్ మాత్ర' పొట్టలో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, పెద్దపేగులో చిక్కుకున్న గాలిని ఏమీ చేయదు. సిమెథికోన్ ఉన్న మందు గాలి బుడగలను విడగొడుతుంది, కొందరికి కాస్త ఉపశమనం ఇస్తుంది. నొప్పికి పారాసిటమాల్ చాలు, కాలేయ జబ్బు ఉన్నవారు అది కూడా అడిగి వేసుకోవాలి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి పాలిప్ తీసిన తర్వాత డాక్టరు చెప్పకుండా వద్దు. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరో మందుల షాపులోనో నొప్పి ఇంజెక్షన్ చేయించుకోవడం ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే భయం పుట్టించే అలవాటు. రంధ్రం పడిన మనిషికి ఆ ఇంజెక్షన్ కొన్ని గంటల పాటు ప్రశాంతతనిస్తుంది. ఆ గంటల్లోనే ఇన్ఫెక్షన్ పొట్టంతా పాకుతుంది. ఎనిమా, విరేచనాల మందు, మలద్వారంలో పెట్టే మాత్రలు కూడా ఆ రెండు మూడు రోజులు వద్దు.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు పరీక్ష కోసం ఆపి ఉంటే మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో అడిగి రాసుకోండి. తొందరపడి వేసుకుంటే రక్తస్రావం, మరిచిపోతే గుండెకో మెదడుకో ముప్పు. రెండిట్లో ఏదీ సొంతంగా నిర్ణయించుకునేది కాదు.

తిండి ఆ పూటకు ఇడ్లీ, మెత్తని పెరుగన్నం, జావ, పెసరకట్టు వంటివి సరిపోతాయి. ఒకరోజంతా ద్రవాలతో గడిపాక ఆవకాయ వైపు చేయి వెళ్ళడం సహజమే, దాన్ని మర్నాటికి వాయిదా వేయండి. శనగపిండి బజ్జీలు, క్యాబేజీ, బొబ్బర్లు, రాజ్మా కూడా అంతే. పాలు కొందరికి ఉబ్బరం తెస్తాయి. పాలిప్ తీసినవారు బరువులు ఎత్తడం, జిమ్, పొట్ట మీద ఒత్తిడి పడే ఆసనాలు డాక్టరు చెప్పినన్ని రోజులు మానాలి. మత్తు తీసుకున్నవారు 24 గంటలు బండి నడపకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు.

ఐదో అడుగు: ఎప్పుడు, ఎలా బయలుదేరాలి

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారే దాకా ఆగవద్దు:

- నొప్పి గంటగంటకూ పెరగడం, లేదా నిద్రపట్టనివ్వనంత తీవ్రంగా నిలబడిపోవడం
- పొట్ట చెక్కలా గట్టిపడటం, ముట్టుకోనివ్వకపోవడం
- 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు మించిన జ్వరం, చలి వణుకు
- ఎడమ భుజం నొప్పి, ఆయాసం, కళ్ళు తిరిగి పడిపోవడం
- నాడి విశ్రాంతిలో కూడా వందకు పైన ఉండటం
- ఆగని వాంతులు, గాలి అసలు పోకుండా పొట్ట ఉబ్బుతూ ఉండటం
- రక్తపు గడ్డలు, పదేపదే రక్తం, లేదా తారులాంటి నల్లని విరేచనం

బయాప్సీ తర్వాత కాగితానికి కొద్దిగా ఎరుపు అంటుకోవడం, మొదటి విరేచనంలో ఒకటి రెండు చారలు కనిపించడం ఈ జాబితాలోకి రావు. ఐరన్ మాత్రలు వేసుకునేవారికి విరేచనం నల్లగా వస్తుంది, బీట్‌రూట్ తిన్నవారికి ఎర్రగా. అది గుర్తు తెచ్చుకుని కంగారు తగ్గించుకోవచ్చు, అనుమానం ఉంటే మాత్రం చూపించాలి.

ముందు ఫోను చేయగలిగితే ఇలా చెప్పండి: "నిన్న ఉదయం పదకొండు గంటలకు మీ దగ్గర మా నాన్నగారికి కొలనోస్కోపీ జరిగింది. కుడివైపు పేగులో రెండు సెంటీమీటర్ల పాలిప్ హాట్ స్నేర్‌తో తీశారు. రాత్రి పది నుంచి కుడివైపు ఒకేచోట నొప్పి ఉంది. అప్పుడు మూడు, ఇప్పుడు ఆరు. గాలి పోయినా తగ్గడం లేదు. జ్వరం 101. వయసు 64, షుగరు ఉంది, క్లోపిడోగ్రెల్ వారం క్రితం ఆపాం." ఈ మాటలు విన్న డాక్టరు "గ్యాస్ అయ్యుంటుంది లెండి" అనడం కష్టం. "నాన్నకు కడుపులో నొప్పిగా ఉందండీ" అంటే అనవచ్చు.

ఫోను ఎత్తకపోతే ఎదురుచూడకుండా బయలుదేరండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 108కి చేస్తే అంబులెన్స్ వస్తుంది. పరీక్ష చేసిన చోటుకే వెళ్ళగలిగితే మంచిది. అది దూరమైతే సీటీ స్కాన్, సర్జన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెళ్ళండి. బయలుదేరినప్పటి నుంచి నోటి ద్వారా ఏమీ ఇవ్వవద్దు, ఆపరేషన్ అవసరమైతే ఖాళీ కడుపు మేలు. రిపోర్టు, మందుల చీటీ, మీరు అంకెలు వేసిన కాగితం వెంట తీసుకెళ్ళండి. క్యాజువాలిటీలో చెప్పే మొదటి వాక్యంలోనే కొలనోస్కోపీ మాట రావాలి. లేకపోతే అపెండిసైటిస్ నుంచి కిడ్నీ రాయి దాకా వెతికి చివరికి అక్కడికి వస్తారు.

ఆరో అడుగు: ఆసుపత్రిలో ఏం జరుగుతుందో తెలిసి ఉండండి

పొట్టను తాకి చూశాక నిలబెట్టి ఎక్స్‌రే తీస్తారు. ఉదరవితానం కింద నల్లని నెలవంకలా గాలి కనిపిస్తే పేగు బయటికి గాలి వచ్చిందని అర్థం. ఎక్స్‌రే మామూలుగా ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదని కాదు. కొద్దిపాటి గాలి దానికి దొరకదు, సీటీలో దొరుకుతుంది. ఖర్చు చూసి సీటీ వద్దనేవారు ఈ ఒక్క సందర్భంలో మరోసారి ఆలోచించాలి. రక్తపరీక్షల్లో తెల్లకణాలు, హిమోగ్లోబిన్ చూస్తారు. అవసరాన్ని బట్టి ఈసీజీ కూడా తీస్తారు.

గాలి తప్ప ఏమీ లేదని తేలితే కొన్ని గంటలు చూసి పంపించేస్తారు. సీటీలో రంధ్రం లేకుండా ఒకచోట పేగు గోడ వాచి కనిపిస్తే అది వేడి వల్ల జరిగిన గాయం. సెలైన్, యాంటీబయాటిక్స్ ఇచ్చి, పేగుకు విశ్రాంతినిస్తే చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గుతుంది, కత్తి అవసరం రాదు. రక్తస్రావం అయితే మళ్ళీ గొట్టం వేసి క్లిప్‌తో ఆపవచ్చు, చాలాసార్లు దానంతట అదే ఆగుతుంది. రంధ్రం చిన్నదై, పేగు శుభ్రంగా ఉండి, త్వరగా తెలిస్తే ఎండోస్కోపీ ద్వారానే క్లిప్‌తో మూయడం సాధ్యం. లేదంటే లాపరోస్కోపీతోనో (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) పొట్ట తెరిచో కుట్టు వేస్తారు. ఆలస్యమై మలం పొట్టంతా పాకితే ఆ ముక్క తీసేసి, కొంతకాలం పొట్ట మీద మలం చేరే సంచి పెట్టాల్సి రావచ్చు. ఈ రెండు దారుల మధ్య తేడాను చాలాసార్లు నిర్ణయించేది, ఇంటి నుంచి ఎప్పుడు బయలుదేరారన్నదే.

ఏడో అడుగు: వారం దాటినా నొప్పి ఉంటే

ప్రమాద లక్షణాలేవీ లేకుండా సన్నగా నొప్పి కొనసాగుతుంటే, అది కొలనోస్కోపీకి ముందు కూడా ఉందా అని ముందుగా గుర్తు చేసుకోండి. చాలామంది ఆ నొప్పి కోసమే పరీక్షకు వెళ్ళి ఉంటారు. రిపోర్టు 'నార్మల్' అని వచ్చిందంటే పెద్దపేగు లోపలి గోడ బాగుందని మాత్రమే. పిత్తాశయం, క్లోమం, మూత్రపిండాలు, చిన్నపేగులో చాలాభాగం ఆ గొట్టానికి కనిపించవు. అల్ట్రాసౌండ్ వంటి మరో పరీక్షలో కారణం దొరకవచ్చు. ఐబీఎస్ ఉన్నవారికి పేగు శుభ్రం చేసుకున్న తర్వాత కొన్ని రోజులు విరేచనాలు క్రమం తప్పి, నొప్పి పెరిగి, మెల్లగా కుదురుకుంటుంది. చేతికి సెలైన్ పెట్టిన చోట గట్టిపడి నొప్పిగా ఉంటే గోరువెచ్చని కాపడం చాలు, ఎర్రబడి పైకి పాకితే చూపించాలి.

ఎనిమిదో అడుగు: వచ్చేసారి

పాలిప్ తీసినవారిలో చాలామందికి కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్ష అవసరమవుతుంది. ఈసారి నొప్పి ఎక్కువగా వచ్చి ఉంటే, వచ్చేసారి ఆ మాట ముందుగానే చెప్పండి. "క్రితంసారి రెండు రోజులు ఉబ్బరంతో బాధపడ్డాను" అంటే కార్బన్ డయాక్సైడ్ వాడవచ్చు, గాలికి బదులు నీటిని నింపుతూ వెళ్ళే పద్ధతి ఎంచుకోవచ్చు, సన్నని గొట్టం తీసుకోవచ్చు, మత్తు మోతాదు ఆలోచించవచ్చు. కడుపు మీద జరిగిన ఆపరేషన్లన్నీ, చాలా ఏళ్ళ క్రితం జరిగిన సిజేరియన్ సహా, చెప్పండి. పాత రిపోర్టు ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోనుల్లో ఉంచండి. సిగ్మాయిడ్ దగ్గర కష్టమైందని క్రితంసారి డాక్టరు రాసి ఉంటే, కొత్త డాక్టరు చేయి అక్కడ మరింత నెమ్మదిగా వెళ్తుంది.